ఆరు మూరల నీళ్ళు

బట్టలారేసుకునే తాడు కొనడమంత అవమానకరమైన బేరం ఇంకోటి లేదు. నూనెకి లీటరుంది, బియ్యానికి కిలో ఉంది. మల్లెపూల మూర కాస్త కురచదే అనుకోండి, కనీసం అమ్మే ఆవిడ కొలిచేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటుంది. తాడు అమ్మేవాడికి ఆ మొహమాటం కూడా ఉండదు. చుట్ట విప్పి, రెండు చేతులూ చాపి, ఒకటీ, రెండూ, మూడూ అంటూ గాల్లో ఈత కొడతాడు. ఈత ముగిశాక కత్తిరించి మన చేతిలో పెడతాడు. ఇంటికొచ్చి కడితే రెండో మేకుకి జానెడు దూరంలో ఆగిపోతుంది. నేను కొన్న ఏ తాడూ ఇంతవరకూ రెండో మేకు మొహం చూడలేదు.

అందుకని మొన్న చిలకలూరిపేటలో, మా ఊరి బస్సు కోసం చూస్తూ అమ్మకి తాడు కొన్నప్పుడు, కొట్లోనే నిలబడి కొలిచాను.

"ఏందండీ, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు కొట్టాయన.

"మీ మీద ఉందండీ. మీ చేతుల పొడవు మీదే లేదు."

మోచేతి దగ్గర్నించి మధ్యవేలి దాకా ఒక్కో మూరా కొలుచుకుంటూ పోయి, "పందొమ్మిదే ఉంది. ఇరవై అన్నారు," అన్నాను.

వెనకనించి ఎవరో అన్నారు: "ఎవరి మూర?"

తాడు చేతిలోంచి జారింది. ఆ ప్రశ్న అలా అడిగే మనిషి నాకు తెలిసి ఒక్కరే. కానీ ఇది ఆడగొంతు. తిరిగి చూస్తే జుట్టు నిండా దూదిపోగులతో, చేతిలో అన్నం క్యారేజీతో ఒకమ్మాయి. జిన్నింగ్ మిల్లులో షిఫ్టు దిగి వచ్చేవాళ్ళంతా అలాగే ఉంటారు, పాతికేళ్ళకే తల నెరిసినట్టు. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. సువార్త. పదో తరగతిలో నా క్లాసు.

"మీరు గుంటూరులో లెక్చరరంట గదా," అంది. బళ్ళో 'నువ్వు' అనేది. ఈ పదేళ్ళలో నేను సంపాదించిన గౌరవమంతా ఆ ఒక్క 'మీరు'లోనే ఉంది.

"జూనియర్ కాలేజీలో. ఫిజిక్సు," అన్నాను.

"మాస్టారు పోయారు, తెలుసా?"

తెలీదు. అద్దంకిలో, నలభై రోజులైందట. నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత దగ్గరవాణ్ణని ఎవరికీ తోచి ఉండదు, నాతో సహా.

ఆయన మా హైస్కూల్లో సైన్సు మాస్టారు. రోజూ అద్దంకి నించి మోపెడ్ మీద వచ్చేవారు. పొట్టి మనిషి. ప్యాంటు కాళ్ళకి సైకిలు క్లిప్పులు పెట్టుకునేవారు. మోపెడ్‌కి వాటితో పనిలేదు. అయినా సైకిలు అమ్మేసి క్లిప్పులు మాత్రం ఉంచుకున్నారు. క్లాసులో కూడా తియ్యడం మర్చిపోయి, రెండు కాళ్ళూ పావురాల కాళ్ళలా పెట్టుకుని కిరణజన్య సంయోగక్రియ చెప్పేవారు.

పుట్టింది వాడరేవు వైపు. అక్కడ ఇసకలో చెలమ తవ్వితే మంచినీళ్ళు ఊరతాయట. "మొదటి కడవ తియ్యన. ఆశపడి రెండోది తోడితే ఉప్పన. మూడోది తోడబోయినవాణ్ణి మా అమ్మ చెంబుతో కొట్టేది," అనేవారు, నెత్తి తడుముకుంటూ. ఆయనకి సైన్సు ఆ చెంబుదెబ్బతోనే అబ్బిందని మా అభిప్రాయం.

అవి వాటర్‌షెడ్ పథకం రోజులు. జీపులు వచ్చాయి, వాగు మీద చెక్‌డ్యాం కట్టారు, పక్కన బోర్డు పెట్టారు. బోర్డు చెక్‌డ్యాం కంటే ఎత్తు. బడిపిల్లలు కూడా ఏదో ఒక ప్రాజెక్టు చెయ్యాలని పైనించి కాగితం వచ్చింది. మిగతా బళ్ళవాళ్ళు ర్యాలీ తీసి, నీటిని కాపాడదాం అని ఎండలో అరిచి, దాహమేసి ఇళ్ళకెళ్ళారు. మేం స్టాఫు రూము వెనక ఇంకుడుగుంత తవ్వాం. మాది నల్లరేగడి. ఒకసారి తడిసి బిగిసిందంటే చుక్క కిందికి పోనివ్వదు. ఆ గుంతలో వాననీళ్ళు నెల రోజులు నిలబడి, ఊళ్ళోకెల్లా నాణ్యమైన దోమల్ని తయారుచేశాయి.

"ప్రయోగం వృథా పోలేదురా, మన నేల సంగతి మనకి తెలిసింది," అన్నారు మాస్టారు, క్లిప్పు కింద కాలు గోక్కుంటూ.

ఆ తర్వాతే, ఊళ్ళో బావులన్నీ కొలుద్దామన్నారు. ప్రతి శనివారం మధ్యాహ్నం. ఒక కొబ్బరితాడు, దాని చివర ఒక చిన్న ఇత్తడి చెంబు. వాళ్ళమ్మదేనని మా అనుమానం. చెంబు నీళ్ళకి తగిలితే 'బుడుక్' మంటుంది. అప్పుడు ఒర దగ్గర తాడు పట్టుకుని పైకి లాగి కొలవాలి.

మొదటి శనివారం నేనే కొలిచి, "పదకొండు మూరలు సార్," అన్నాను.

"ఎవరి మూర?"

"నాదే సార్."

"నువ్వు పెరుగుతున్నావురా. వచ్చే ఏడాదికి నీ చెయ్యి రెండంగుళాలు సాగుద్ది. ఇదే బావిని అప్పుడు పది మూరలంటావు. నీళ్ళు పైకొచ్చాయని ఊరంతా సంబరపడుద్ది. వచ్చింది నీళ్ళు కాదు, నువ్వు."

అందుకని తాడుకి ఆయన చేత్తోనే మూరకొక ముడి వేశారు, అయిదు ముళ్ళకొక ఎర్రగుడ్డ పీలిక. "నా ఎదుగుదల ఆగిపోయి చాలా కాలమైంది. నన్ను నమ్మొచ్చు," అన్నారు.

కొలిచే ముందు ఆయన చేసే పని ఒకటుంది. ఒర మీదికి వంగి, లోపలికి "ఓయ్!" అని పిలిచేవారు. లోపల్నించి జవాబొచ్చేది. తల పక్కకి వంచి విని, "పదిహేడు," అనేవారు. తాడు వేస్తే పదిహేడో పద్దెనిమిదో ఉండేది. "ముందు పలకరించాలి, తర్వాత కొలవాలి. చెప్పాపెట్టకుండా నెత్తిన చెంబేస్తే ఎవరికైనా కోపమొస్తుంది," అనేవారు. మేమూ వరసగా వంగి పలకరించేవాళ్ళం. నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళు చేద ఆపి నవ్వేవాళ్ళు.

"ఎట్టా ఉంది మాస్టారూ, మీ చుట్టం?"

"చిక్కిపోయిందమ్మా. సరిగా తినడంలేదు."

ఊరి బావులు రెండు మూడు తప్ప అన్నీ చిక్కినవే. పద్దెనిమిది, ఇరవై మూరలకి గానీ నీళ్ళు తగిలేవి కావు. తగిలినా పప్పుడకని చప్పనీళ్ళు. ఒక్కటి మాత్రం అన్నిటికంటే వేరు. ఊరికి ఎడంగా ఉండే పల్లెలో చర్చి పక్కన బావి. వాగు ఒకప్పుడు అటు తిరిగేదని, కింద ఇసకపొర ఉందని మాస్టారు చెప్పారు. నడివేసవిలో కూడా ఆరు మూరలకే 'బుడుక్' మనేది. కొబ్బరినీళ్ళ లాంటి నీళ్ళు. పల్లె మొత్తానికి అదొక్కటే ఆధారం. ఊళ్ళోవాళ్ళెవరూ ఆ బావి నీళ్ళు తాగేవాళ్ళు కాదు. కారణం అందరికీ తెలుసు, ఏ బోర్డు మీదా రాసుండేది కాదు.

సువార్తది ఆ పల్లె. వాళ్ళిల్లు చర్చి వెనకే. మా క్లాసులో గుండ్రటి చేతిరాత ఆ అమ్మాయి ఒక్కదానిదే. అందుకని మేం కొలుస్తుంటే తను పుస్తకంలో రాసేది. "ఈ పిల్ల టీచరవుతుందిరా. మీరంతా ఈవిడ దగ్గరికి మీ పిల్లల్ని తీసుకొచ్చి, కాస్త చూడండమ్మా అని బతిమాలుకుంటారు," అనేవారు మాస్టారు. తను తల దించుకుని ఆ మాట కూడా రాసుకుంటున్నట్టు ఉండేది.

పదో తరగతికొచ్చాక మాస్టారికి గోడ ఆలోచన వచ్చింది. రోడ్డు వైపున్న బడిగోడకి సున్నం వేయించి, ఆయిల్ పెయింటుతో ఊరి పటం గీయించారు. బావి ఉన్నచోటల్లా ఒక గుండ్రం. నీళ్ళు లోతుకి పోతే ఎరుపు, పైనుంటే నీలం. పక్కన ఎన్ని మూరలో రంగు సుద్దముక్కతో అంకె, శనివారం శనివారం మార్చడానికి. అంకెలు రాసేది సువార్త. రంగులేసింది నేను. మొత్తం గోడ మీద నీలం గుండ్రాలు మూడే. అందులో ముదురు నీలం ఒక్కటి. దానికి నేను రెండు కోట్లు వేశాను, రంగు మిగిలిపోతుందని.

"మనిషికి ఉపన్యాసం చెప్తే ఆవలిస్తాడు. అంకె చూపించు, సిగ్గుపడతాడు. నీళ్ళెంత లోతుకి పోయాయో రోజూ కళ్ళబడితే వాడే మోటారు కట్టేస్తాడు," అనేవారు. కొలవకుండా ఆయన నమ్మిన విషయం నాకు తెలిసి అదొక్కటే.

జనం చూశారు. ఆ మాట కాదనలేం. ఆ ఏడు మిరప బాగా వేశారు. కార్తీకం తర్వాత చినుకు లేదు. తోటలు పూత రాలుస్తున్నాయి, మొదటికోత సగం తాలుకాయే. రైతులు గోడ దగ్గర సైకిళ్ళాపి, తువ్వాలు సర్దుకుని, పరీక్ష ఫలితాల్లో కొడుకు నంబరు వెతుక్కుంటున్నట్టు పటం చూసేవాళ్ళు. కొందరు సిగరెట్‌పెట్టె చింపి అట్ట మీద రాసుకునేవాళ్ళు. మాస్టారు పాఠం ఆపి కిటికీలోంచి మాకు చూపించేవారు.

"చూశార్రా! చదువుతున్నారు!"

పొలాల్లో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, కాయ నిక్కిన చోట బోరు వెయ్యమని చెప్పే ఆయన ఒకడుండేవాడు. ఆయన కూడా వచ్చి గోడ చదివి వెళ్ళాడు. ఆ వారం నించి ఆయన కొబ్బరికాయ సరిగ్గా పల్లె చుట్టుపక్కలే నిక్కడం మొదలుపెట్టింది.

ఒకరోజు అన్నం తింటూ మా నాన్న అడిగాడు. "ఏరా, గోడ మీద ముదురు నీలం ఎక్కడ?"

"చర్చి బావి కాడ నాన్నా. ఆరు మూరలకే నీళ్ళు."

"నిజంగా కొలిచారా, ఊరికే రంగేశారా?"

"నేనే కొలిచాను," అన్నాను గర్వంగా. మా నాన్న నా చదువు గురించి అడిగిన ప్రశ్నలు జీవితంలో అవి రెండే. రెండింటికీ సరైన జవాబు చెప్పాను. వీపు తట్టాడు కూడా.

మా తోట చర్చి బావికి రెండొందల గజాలు.

జనవరిలో ఆ గోడపటాన్నే అట్ట మీద గీసి జిల్లా సైన్సు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళాం. చూడటానికొచ్చిన ఆఫీసరు, "దీనివల్ల సమాజానికి ఉపయోగమేంటి?" అని అడిగాడు. నేను ఠక్కున, "రైతులు దీన్ని చూసి నీటి విషయంలో నిర్ణయాలు తీసుకుంటున్నారు సార్," అన్నాను. రెండో బహుమతి ఇచ్చారు. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తిరిగి వస్తుంటే మా ఊరి మలుపులో బస్సు ఆగిపోయింది. ముందు రెండు తమిళనాడు నంబరు లారీలు, బోరు రిగ్గులతో, పల్లె దారిలోకి తిరుగుతున్నాయి. మాస్టారు బహుమతి షీల్డు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తూ కూర్చున్నారు. ఊరొచ్చినా లేవలేదు. కండక్టరు లేపాల్సొచ్చింది.

మర్నాడు మా తోటలో రిగ్గు నిలబెట్టారు. మాస్టారు ఇంటర్వెల్లో మోపెడ్ మీద వచ్చారు. నేను ఆ రోజు బడి మానేసి అక్కడే ఉన్నాను.

"ఇక్కడ వేస్తే ఆ బావి పోతుందండీ," అన్నారు మా నాన్నతో. "పల్లెకంతా అదొక్కటే."

"నా పొలంలో నేను వేసుకుంటన్నా గదండీ. తోట ఎండిపోతంటే చూస్తా కూచోమంటారా?"

"అది కాదండీ..."

"పోనీ, గోడ మీద మీరు రాసింది తప్పా? చెప్పండి. తప్పయితే ఇప్పుడే లారీని పొమ్మంటా."

తప్పు అని మాస్టారు ఒక్కమాట అంటే చాలు. మా నాన్న మొండివాడే గానీ, నీళ్ళు లేవంటే బోరు వేసేంత పిచ్చివాడు కాదు. మొదటిది ఆగితే మిగతావాళ్ళూ ఆగేవాళ్ళు. నేనైనా అనొచ్చు, కొలిచింది నేనే కాబట్టి. ఆయన అబద్ధం చెప్పలేకపోయారు. నాకు ఆ ఇబ్బంది లేదు గానీ, మా నాన్నంటే భయం.

"తప్పు కాదండీ," అన్నారు మాస్టారు.

"మరింకేం!"

సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. తెల్లటి బురద కక్కి కక్కి, తేటగా మారి, మనిషెత్తు ఎగిరాయి. అందరూ కేకలేశారు. కొబ్బరికాయ కొట్టారు. బడి విడిచాక మళ్ళీ వచ్చి గట్టు మీద నిలబడున్న మాస్టారికి మా నాన్న మర్యాదగా గ్లాసు నిండా పట్టి ఇచ్చాడు. "మీ పుణ్యమే మాస్టారూ. రుచి చూడండి." తనూ ఒక గ్లాసు తాగాడు. పల్లె బావిలో చేద వేసి తోడితే తాగకూడని నీళ్ళు, మా పైపులోంచి వస్తే తాగొచ్చన్నమాట.

మాస్టారు గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగారు. "తియ్యగా ఉన్నాయండీ," అన్నారు.

నెల తిరిగేసరికి ఆ బావి చుట్టూ ఏడు బోర్లు. ఫిబ్రవరిలో ఒక శనివారం, మాస్టారు చర్చి బావిలోకి వంగి "ఓయ్" అన్నారు. జవాబు ఎప్పటిలా రాలేదు. చాలా కిందినించి, బొంగురుగా, ఆలస్యంగా వచ్చింది. ఆయన అంకె చెప్పలేదు. తాడు వదిలారు. ఆరో ముడి, పదో ముడి, మూడు ఎర్రపీలికలు, ఇంకా దిగుతూనే ఉంది. ఎక్కడో చెంబు 'టప్' మంది. పైకి లాగితే అడుగున నల్లటి మన్ను. జేబురుమాలు తీసి చెంబు తుడుస్తూ నిలబడ్డారు. చుట్టూ కడవలతో ఆడవాళ్ళున్నారు. ఈసారి ఎవరూ చుట్టం సంగతి అడగలేదు.

సువార్త పుస్తకం తెరిచి పట్టుకుంది. "ఎంతని రాయమంటారు సార్?"

"మన్ను అని రాయమ్మా," అన్నారు.

సోమవారం నించి తను బడికి రాలేదు. పల్లెవాళ్ళకి ఇక మంచినీళ్ళంటే సాగర్ కాలవే, మూడు కిలోమీటర్లు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. వాళ్ళమ్మ మిరప కోతకి పోవాలి కాబట్టి నీళ్ళు సువార్త వంతు. ఆ ఏడు మా తోట బ్రహ్మాండంగా కాసింది. మూడోకోత కూడా కోశాం. కోసినవాళ్ళలో వాళ్ళమ్మ ఉంది.

మాస్టారు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికెళ్ళారు. "పరీక్షలు నెలలోకి వచ్చాయమ్మా. పిల్లని పంపించు."

"పంపిస్తే నీళ్ళెవరు తెస్తారయ్యా?" అంది వాళ్ళమ్మ.

మర్నాటి నించి ఆయన మోపెడ్‌కి రెండు వైపులా రెండు ప్లాస్టిక్ క్యాన్లు వేలాడాయి. అద్దంకిలో పట్టి, పల్లెలో వాళ్ళింట్లో పోసి, బడికి వచ్చేవారు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉండేది. సువార్త మళ్ళీ వచ్చింది. సరిగ్గా తొమ్మిది రోజులు. పక్కింటివాళ్ళు కడవలు పట్టుకుని ఆ ఇంటి ముందు నిలబడటం మొదలుపెట్టారు. క్యాన్లు రెండే. పదో రోజు వాళ్ళమ్మ గడపలోనే ఆపేసింది.

"వద్దయ్యా. అందరి గొంతులెండుతుంటే మేమొక్కళ్ళం ఎట్టా తాగేది? రేపట్నించి తేమాక."

నిండు క్యాన్లు అలాగే బడికి తెచ్చారు. పదో తరగతి పరీక్షల్లో నా వెనక బెంచీ ఖాళీగా ఉంది. నంబరు మాత్రం సుద్దతో రాసుంది, అంత గుండ్రంగా కాదు.

పరీక్షలయ్యాక ఒకరోజు మార్కుల కాగితం కోసం వెళ్తే, మాస్టారు గోడ దగ్గర చెప్పులు విడిచి కూర్చుని, విరిగిన పెంకుతో పటం గీకుతున్నారు. సుద్ద అంకెలు ఎప్పుడో పోయాయి. ఎర్ర గుండ్రాలు ఒక కోటే కాబట్టి తేలిగ్గా ఊడాయి. నేనూ ఒక పెంకు తీసుకుని పక్కన కూర్చున్నాను. ముదురు నీలం దగ్గర ఇద్దరం చాలాసేపు గీకాం. సున్నం ఊడింది, ఇటుక కనపడింది, ఇటుకలోకీ దిగి ఉంది నీలం.

"రెండు కోట్లు వేశావురా," అన్నారు. కోపంగా కాదు. కొలిచి చెప్పినట్టు.

ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. ఇంటర్‌కి నేను గుంటూరు వెళ్ళిపోయాను. కొలతలూ ప్రమాణాలూ అనేది ఫిజిక్సులో మొదటి పాఠం. ప్రతి జూన్‌లో చెప్తాను. ఏ పరికరంతో కొలిచినా ఎంతో కొంత దోషం తప్పదని చెప్పి, ఆ దోషాలు ఎన్ని రకాలో రాయిస్తాను. పిల్లలు రాసుకుంటారు.

చిలకలూరిపేట కొట్టు ముందు ఇదంతా తలుచుకోవడానికి పట్టినంత సేపు సువార్త క్యారేజీ చేతులు మార్చుకుంటూ నిలబడింది.

"తర్వాత కూడా వచ్చేవారా మాస్టారు?" అన్నాను.

"రిటైరైనాక గూడా వచ్చేవారు. శనివారం శనివారం, బస్సులో. ఆ తాడూ చెంబూ సంచిలో పెట్టుకుని. మా పిల్లకాయలు నవ్వేవాళ్ళు. బావిలో ఏముంది, చెత్తా, ప్లాస్టిక్ కవర్లూ. అయినా వేసి చూసి, పుస్తకంలో రాసుకుని పోయేవారు. పోయినేడు ఆ బావి గూడా పూడ్చేశారు. పైన ట్యాంకు కడతామన్నారు, కట్టలా."

"పూడ్చాక మానేశారా?"

"ఒకసారి వచ్చారు. సంచి తేలా. ఊరికే కాసేపు నించుని పోయారు." తర్వాత అంది, "మీ బోరు పోస్తందా?"

"రెండేళ్ళు పోసింది. ఇప్పుడు గాలే."

తను తలూపింది. సంతోషమూ లేదు, సానుభూతీ లేదు. బస్సు హారన్ మోగింది. ఏదో ఒక మంచిమాట అని వెళ్ళాలి కదా అనిపించింది. చావు కబురు విన్నాక మనం చేసే పని అదే.

"గొప్ప మనిషి," అన్నాను. "బావిని కూడా ముందు పలకరించి గానీ కొలిచేవారు కాదు."

సువార్త జుట్టులోంచి ఒక దూదిపోగు తీసి, దానికేసి చూసి, వదిలేసింది.

"బావిని పలకరించారు, సరే. గోడ మీద ఆ ఆరు నా చేతే రాయించారు గదా. రాసేముందు, మా బావి గదా, మీలో ఒక్కరన్నా మమ్మల్ని అడిగారా?"